నీళ్లు నమిలిన సాయంత్రం

హాలు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.
పదిహేడేళ్లుగా పెళ్లిళ్లకీ, సంతాపసభలకీ, రగ్బీ కుర్రాళ్ల తాగుడికీ
నేనే తలుపు తీస్తాను, నేనే ఊడుస్తాను.
మొన్న గురువారం కౌన్సిల్ అభ్యర్థులకి తీశాను.
నలభై కుర్చీలు వేస్తే పందొమ్మిది నిండాయి.
వైకోరాలో వాన పడుతోంది. అదేం వార్త కాదు,
న్యూజిలాండ్ పడమటి ఒడ్డున వానే మా క్యాలెండరు.

పక్కగోడ మీద పెన్సిలు గీతలున్నాయి.
ఇళ్లల్లో అలాంటివి పిల్లల ఎత్తు కొలిచి గీస్తారు.
ఇక్కడ ఎదిగింది నది.
మొదటిది నా చీలమండ. తర్వాతది మోకాలు.
నిరుడు జూలైది ఛాతీ దాకా వస్తుంది,
ఎన్ని రంగులు పూసినా కింద బురద మచ్చ తేలుతూనే ఉంటుంది.
ముగ్గురూ ఆ గోడకే ఆనుకుని కూర్చున్నారు.
గీత సరిగ్గా వాళ్ల పెదాల దగ్గరికొచ్చింది.

గ్రేయం టల్లక్ ముందు లేచాడు, హార్డ్‌వేర్ కొట్టు ఆసామి.
గట్టు ఇంకో మీటరు లేపుతాడట,
ఇంటిపన్ను ఒక్క సెంటు పెంచడట.
మట్టి ఎక్కణ్ణుంచి అని అడిగితే దగ్గాడు.
ఆయన మాటలు కోటలు దాటుతుంటే
తలుపు సందులోంచి వాన గడప దాటింది.
తుడుపుగుడ్డ తెచ్చాను.

ఫిలిప్పా స్నెడన్ మ్యాపు పరిచింది.
నీలం, ముదురు నీలం, ఊరు లేని నీలం.
ముప్పై ఏళ్లలో మా వీధులన్నీ పై మెట్టకి జరగాలంది.
‘క్రమబద్ధ ఉపసంహరణ’ అంది.
యుద్ధంలో వాడే మాటలా ఉంది,
ఓడిపోయామని ఎవరూ మాకు చెప్పనేలేదు.
కానీ ఆమె లెక్కలు తప్పు కావు.
ఇన్సూరెన్సు వాళ్ల ఉత్తరం నాకూ వచ్చింది:
రెండే పేరాలు, చివర్లో శుభాకాంక్షలు.

వెనక వరసలోంచి రిపెకా తౌమాటా అంది:
‘మా పెద్దవాళ్లు ఉండేది ఆ మెట్ట మీదే.
ఇక్కడికి మలుగు చేపలకి దిగేవాళ్లు, పట్టుకుని ఎక్కేవాళ్లు.
ఊరు కట్టినవాళ్లకి చెప్పారు కూడా.’
ఎవరో నవ్వబోయి మానేశారు.

కోల్మ్ హావిల్, పాడిరైతు, లేవనే లేదు.
‘వాతావరణం ఎప్పుడు మారలేదు గనక?
సముద్రం పెరగడమేంటి, మా తాత పాతిన గుంజ అక్కడే ఉంది.’
గుంజ ఉంది.
దాని చుట్టూ ఇప్పుడు పెరిగేది ఉప్పుగడ్డి.

అప్పుడు నోయెలీన్ ప్రౌస్ చెయ్యెత్తింది.
ఎనభై మూడేళ్లు, వాకరు, తడిసిన ఉన్ని టోపీ.
‘రెండువేల యాభై నేను చూడను.
టారీ వీధి చివరిల్లు నాది.
ఈసారి రాత్రి రెండింటికి నీళ్లొస్తే
నా తలుపు కొట్టేదెవరు?’

గ్రేయం నీళ్లు నమిలాడు.
ఫిలిప్పా మ్యాపులో టారీ వీధి వెతికింది,
నీలం కింద పేరు కనబడలేదు.
కోల్మ్ నేల చూపులు చూస్తూ అన్నాడు,
‘పోయినసారి కొట్టింది నేనే కదా, నోయెలీన్.
మళ్లీ వస్తాను. ట్రాక్టరుంది.’

నిజమే.
సముద్రం పెరగలేదనే ఆ మనిషే
నడుంలోతు నీళ్లలో ఆమెని దుప్పట్లో చుట్టి,
పిల్లిని చొక్కాలో దూర్చి మోసుకొచ్చాడు.
మునుగుతామని లెక్కగట్టిన మనిషి ఆ రాత్రి
రెండొందల కిలోమీటర్ల అవతల ఏదో సదస్సులో ఉంది.
తప్పేం కాదు. ఉంది, అంతే.

టీ చల్లారింది. బిస్కెట్లు మిగిలాయి. కుర్చీలు మడిచాను.

ఓటు కవరు ఎనిమిది రోజులు వంటగది బల్ల మీద ఉంది,
ఉప్పు సీసా బరువు కింద.
ఒక్క సీటు, ఒక్క టిక్కు.
మ్యాపునీ ట్రాక్టర్నీ కలిపే గడి
ఆ కాగితంలో ఎక్కడా లేదు.
తొమ్మిదోనాడు ఫిలిప్పాకి వేశాను.
పోస్టుడబ్బా దాకా నడిచాను,
దాని కాలికి నిరుటి బురద అలాగే ఉంది.

ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద అంటించుకున్న నంబరు మాత్రం
కోల్మ్‌ది.
ఓటెవరికని రేపు ఆయన అడిగితే
నేనూ నీళ్లే నములుతాను.